స్కాట్లండ్‌లో స్కూల్ పిల్లలతో గాలిక్, ఊరి చరిత్ర ప్రాజెక్ట్ ఎలా చెయ్యాలి

స్కాట్లండ్‌లో ఉంటున్న మన తెలుగు వాళ్ళ పిల్లల్లో చాలామందికి ప్రైమరీలో ఎప్పుడో ఒకప్పుడు గాలిక్ తగులుతుంది. ఓ రోజు సాయంత్రం ఇంటికొచ్చి "మాతిన్ వా" అంటారు, అంటే గుడ్ మార్నింగ్ అన్నమాట, సాయంత్రం పూట గుడ్ మార్నింగ్ ఏంట్రా అని మనం నవ్వుతాం, తర్వాత రంగులు, అంకెలు, ఒక పాట, గోడ మీద ఒక పోస్టర్, దాంతో ఆ టర్మ్ అయిపోతుంది. నాకు అది భలే చిరాగ్గా ఉంటుంది ఎందుకంటే ఆ భాష బయట రోడ్డు మీద, కొండ మీద, బస్టాప్ బోర్డు మీద, పక్కింటి పెద్దాయన నోట్లో ఉంటే మనం దాన్ని తీసుకొచ్చి ఫ్లాష్ కార్డుల్లో పెట్టి నేర్పిస్తున్నాం. పిల్లల చేత ఊరి పేర్లూ ఊరి మనుషులతోనే మొదలుపెట్టిస్తే ఎలా ఉంటుంది, ఏయే పనులు ఏ వరసలో చెయ్యాలి అన్నది ఇక్కడ రాస్తున్నా. టీచర్‌గా గానీ క్లాస్‌రూమ్ అసిస్టెంట్‌గా గానీ పనిచేసే మనవాళ్ళకీ, పేరెంట్ కౌన్సిల్‌లో ఉన్నవాళ్ళకీ, స్కూల్ చెయ్యకపోతే వీకెండ్లో తమ పిల్లలతో తామే చేద్దాం అనుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

ముందే ఒక మాట, స్కాట్లండ్ భాషని ఇక్కడ గాలిక్ అనే పలుకుతారు, గేలిక్ అంటే ఐర్లండ్ భాష గురించి అడుగుతున్నారేమో అనుకుంటారు. అందుకే అంతటా గాలిక్ అనే రాస్తాను.

"మనకెందుకండీ ఇది, హిందీయో ఫ్రెంచో నేర్చుకుంటే పనికొస్తుంది కదా" అని అడిగేవాళ్ళు ఉంటారు, దానికి పెద్ద వాదన పెట్టుకోను. 2022 జనాభా లెక్కల్లో గాలిక్ ఎంతో కొంత వచ్చు అన్నవాళ్ళు 1,30,161 మంది, అంటే 2.5 శాతం, 2011లో అది సుమారు 87,100. పైకి చూస్తే పెరిగింది. కానీ భాషకి పుట్టిల్లు లాంటి వెస్టర్న్ ఐల్స్‌లో మాట్లాడేవాళ్ళు జనాభాలో సగం కంటే కిందకి పడిపోయారు, అంటే సిటీల్లో కాస్త కాస్త నేర్చుకునేవాళ్ళు పెరుగుతుంటే ద్వీపాల్లో ఇంట్లో మాట్లాడే పెద్దవాళ్ళు తగ్గిపోతున్నారు. 2025లో చట్టం చేసి గాలిక్‌కి, స్కాట్స్‌కి అధికార హోదా ఇచ్చారు (స్కాట్స్ అంటే ఇంగ్లీష్‌కి దగ్గరగా ఉండే ఇక్కడి ఇంకో భాష), మంచిదే, కానీ చట్టం వచ్చినంత మాత్రాన ఒక తాతగారికి తెలిసిన వాగు పేరు రికార్డ్ అయిపోదు కదా. ఆ పని పిల్లలు చెయ్యగలరు, నిజంగా చెయ్యగలరు.

ముందు ఏరియా చిన్నది పెట్టుకోండి

అందరూ చేసే పని ఏంటంటే "హైలాండ్స్ చరిత్ర" అని పెట్టుకుంటారు, పిల్లలు ఇంటర్నెట్లోంచి కిల్ట్ బొమ్మ, బ్యాగ్‌పైప్ బొమ్మ, లాఖ్ నెస్ బొమ్మ కాపీ కొట్టి అతికిస్తారు. అలా వద్దు. స్కూల్ నుంచి అరగంటలో నడిచి చేరుకోగలిగినంత మేరే తీసుకోండి, కాగితం మీద ఒక గీత గీసి ఇదే మన హద్దు అని చెప్పండి. ఆ గీత లోపల ఉన్న ప్రతి పేరూ పిల్లలు ఏరాలి: వీధులు, ఇళ్ళ గేట్ల మీద పేర్లు, ఫార్మ్‌లు, వాగులు, గుట్టలు, చర్చి, బస్టాప్, పాత బ్రిడ్జి, ఫుట్‌బాల్ గ్రౌండ్. ఒకళ్ళు ఫోటో తీస్తే ఒకళ్ళు స్పెల్లింగ్ ఉన్నదున్నట్టు రాసుకుంటారు, అక్షరం మార్చకుండా, ఎందుకంటే తర్వాత ఆ స్పెల్లింగ్ మీదే కథంతా నడుస్తుంది.

రైల్వే స్టేషన్ దగ్గర్లో ఉంటే పని తేలిక, స్కాట్లండ్ స్టేషన్లలో చాలా బోర్డుల మీద ఇంగ్లీష్ పేరు కింద గాలిక్ పేరు ఉంటుంది. ఎడిన్‌బరాలో హేమార్కెట్ స్టేషన్‌కి మార్కగ్ అన్ యోర్ లాంటి పేరు కనిపిస్తుంది, గడ్డి బజారు అని. పోలీస్ కార్ల మీద, అంబులెన్స్‌ల మీద కూడా గాలిక్ ఉంటుంది. రోజూ చూసే బోర్డే, కానీ కింద లైను ఎప్పుడూ చదివి ఉండరు.

పాత మ్యాపు తెరవండి

ఈ భాగం మీద మాత్రం ఎక్కువ టైం పెట్టండి, నా దృష్టిలో ప్రాజెక్ట్‌కి ప్రాణం ఇదే.

నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ళ మ్యాప్స్ వెబ్‌సైట్ ఉంది, ఫ్రీ. అందులో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు, మైలుకి ఆరంగుళాల స్కేలువి, స్కాట్లండ్ మొదటి ఎడిషన్ 1843 నుంచి 1882 దాకా వచ్చినవి స్కాన్ చేసి పెట్టారు. సైడ్ బై సైడ్ అని ఒక వ్యూ ఉంటుంది, ఎడమ పక్క పాత మ్యాపు, కుడి పక్క ఇప్పటి శాటిలైట్ బొమ్మ, ఒకదాని మీద మౌస్ కదిలిస్తే రెండోదాంట్లో కూడా అదే చోట గుర్తు కదులుతుంది. ముందు స్కూల్ ఎక్కడుందో వెతకమనండి. స్కూల్ ఉన్న చోట పొలమో బురద నేలో కనిపిస్తుంది, ఆ పొలం అంచున ఒక వాగు, ఆ వాగుకి ఇప్పుడు బోర్డు మీద ఎక్కడా లేని ఒక పేరు. ఇక పిల్లల్ని ఆపలేం.

పాత మ్యాపులో దొరికిన పేర్లని మొదటి లిస్టు పక్కన రాయించండి. రెండింట్లో ఉన్నవి, పాతదాంట్లోనే ఉన్నవి, కొత్తగా వచ్చినవి అని మూడు రంగుల పెన్నులతో గుర్తు పెడితే చాలు.

తర్వాత నేమ్ బుక్స్. మ్యాపు గీసేటప్పుడు సర్వే వాళ్ళు ఊరూరా తిరిగి ప్రతి పేరు గురించీ నోట్‌బుక్‌లో రాసుకున్నారు, అవే ఆర్డ్‌నెన్స్ సర్వే నేమ్ బుక్స్, స్కాన్లు ఆన్‌లైన్లో వెతికితే దొరుకుతాయి. ఒక పేజీ తెరిస్తే నిలువు గళ్ళుంటాయి: మ్యాపులో వెయ్యబోయే పేరు, దాన్ని ఎవరెవరు ఏ స్పెల్లింగ్‌తో రాశారు, ఆ స్పెల్లింగ్‌కి సాక్ష్యం ఎవరు, ఎక్కడుంది, అసలు ఆ చోటు ఎలా ఉంటుంది. సాక్ష్యం గడిలో ఊళ్ళో మనుషుల పేర్లు ఉంటాయి, చర్చి మినిస్టరు, స్కూల్ టీచరు, ఎస్టేట్ మేనేజరు, ఒక్కోసారి రైతు. ఇక్కడ పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న: గొర్రెలు కాసేవాణ్ణి అడిగారా, దొరగారి మేనేజర్నే అడిగారా? గాలిక్ రాని ఆఫీసరు చెవికి వినపడ్డట్టు రాసుకుంటే ఏమవుతుంది? పదేళ్ళ పిల్లలకి కూడా చరిత్ర ఎవరు రాస్తారో దానిబట్టి మారుతుందని ఈ ఒక్క పేజీతో అర్థమవుతుంది, లెక్చర్ ఇవ్వక్కర్లేదు.

చేతిరాత చదవడం కష్టం, ఆ మాట నిజం. పెద్ద స్క్రీన్ మీద వేసి క్లాసంతా కలిసి ఒక్కో అక్షరం పట్టుకుంటే వాళ్ళకి డిటెక్టివ్ పనిలా ఉంటుంది.

పేరుని విప్పడం

మన దగ్గర ఊరి పేరు చివర కుంట, పాడు, పల్లి చూసి ఏదో ఒకటి ఊహించేస్తాం కదా, ఇక్కడ ఆ ముక్క ఎక్కువగా ముందు వస్తుంది. ఇన్వర్ అంటే నది వెళ్ళి కలిసే చోటు, ఇన్వర్‌నెస్ అంటే నెస్ నది కలిసే చోటు. బాల్ అని మొదలైతే చాలాసార్లు బాలె, అంటే ఊరు లేదా ఫార్మ్, బాలహూలిష్ అంటే ఇరుకు నీళ్ళ పక్కన ఊరు, వెళ్ళి చూస్తే సముద్రపు పాయ అక్కడ నిజంగానే ఇరుగ్గా ఉంటుంది. డన్ అంటే కోట. డ్రమ్ అంటే వెన్నులాగా పొడుగ్గా ఉండే గట్టు, డ్రమ్నడ్రాఖిట్ అంటే బ్రిడ్జి గట్టు. కిన్ అంటే తల, చివర, కింగ్యూసీ అంటే పైన్ అడవి మొదలయ్యే చోటు. తోపర్ అంటే బావి, ఊట, టోబర్‌మోరీ అంటే మేరీమాత బావి. కిల్ అని ఉంటే సాధారణంగా చర్చి లేదా సాధువు ఉన్న చోటు, కానీ అన్నిచోట్లా కాదు, కిల్లీక్రాంకీలో ఉన్నది కొల్య, అంటే అడవి. ఇలాంటి మెలికలు పిల్లలకి దొరకనివ్వండి, ముందే చెప్పెయ్యకండి.

ఏ పేరుకి ఏ గాలిక్ రూపమో సరిచూసుకోడానికి ఆన్మెన్ ఆచ న హాలప అని స్థలనామాల సంస్థ ఒకటి ఉంది, దాని డేటాబేస్‌లో వెతకొచ్చు, చాలా పేర్లకి పలికిన ఆడియో కూడా ఉంటుంది. అక్కడ చూడ్డం ఆఖరి స్టెప్పుగా పెట్టండి, మొదటి స్టెప్పుగా పెడితే పిల్లలు అక్కడ ఉన్నది కాపీ చేసుకుని ఆడుకోడానికి వెళ్ళిపోతారు.

రంగుల దగ్గర ఒక అందమైన సంగతి ఉంది. కెయిర్న్‌గార్మ్ కొండల పేరులో ఉన్న గొరొమ్ అంటే నీలం, అది అసలు ఒక్క కొండ పేరు, దాన్నే మొత్తం కొండల వరసకి అంటించేశారు. గాలిక్ మాట్లాడేవాళ్ళు ఆ వరసని పిలిచేది అమ్ మోనగ్ రూఅగ్, అంటే ఎర్ర కొండలు, స్పే నదికి అవతల పక్కనున్నవి మోనగ్ లీఅ, బూడిదరంగు కొండలు. ఒకే కొండలు ఒక పేరులో నీలం, ఇంకో పేరులో ఎరుపు. పైగా గొరొమ్ అనే మాట పచ్చగడ్డికి కూడా వాడతారు. ఆ ఏరియా పిల్లలైతే సాయంత్రం ఎండ పడ్డప్పుడు ఎదురుగా నిలబడి రంగులు వేసుకోమనండి, ఏ పేరు నిజమో వాళ్ళే కొట్టుకు చస్తారు.

జాగ్రత్త కూడా ఉండాలి. స్కై ద్వీపంలో పోర్‌ట్రీ ఉంది కదా, రాజుగారి రేవు అని చెప్తారు, 1540లో ఐదో జేమ్స్ రాజు వచ్చాడని అంటారు, కానీ స్థానికులు పలికే తీరునిబట్టి అది రాజు కాదు, కొండవాలు అని వాదించేవాళ్ళున్నారు. ఇలాంటిది తగిలినప్పుడు రెండూ రాయించండి. నేను పిల్లలకి మూడు పరీక్షలు పెట్టమంటాను: దొరికినవాటిలో పాత స్పెల్లింగ్ ఏంటి, ఊళ్ళో పెద్దవాళ్ళు ఎలా పలుకుతారు, నేల మీద అలాంటిది ఉందా. బావి అని పేరుంటే బావి వెతకాలి, గట్టు అని ఉంటే గట్టెక్కి చూడాలి. ఎక్కి చూడకుండా రాసిన అర్థం పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టించండి.

ఇంకోటి, ప్రతి పేరూ గాలిక్ అని నమ్మించకండి. అబర్డీన్‌లో అబర్, పిట్‌లోఖ్రీలో పిట్ అంతకంటే ముందున్న పిక్ట్‌లు అనే పాత జనం భాషవి, స్టార్నవే లాంటివి వైకింగ్‌ల నార్స్ నుంచి గాలిక్‌లోకి వచ్చినవి, దక్షిణాన చాలా పేర్లు స్కాట్స్. ఆర్క్‌నీ, షెట్లండ్ కథ పూర్తిగా వేరు. పొరలు పొరలుగా ఉందని చూపిస్తే చాలు.

పలకడం, పలకరించడం

స్పెల్లింగ్ చూసి భయపడతారు, పెద్దవాళ్ళే ఎక్కువ భయపడతారు. మొత్తం 18 అక్షరాలే, ఇంగ్లీష్‌లో ఉండే కొన్ని అసలు లేవు. బి పక్కన హెచ్, ఎం పక్కన హెచ్ వస్తే వ, టి పక్కన హెచ్ వస్తే ఉత్త హ. అందుకే మోర్ అంటే పెద్ద, అదే కొన్ని పదాల తర్వాత వోర్ అవుతుంది. ఈ రెండు రూల్స్ తెలిస్తే మ్యాపులో సగం పేర్లకి నోరు తిరుగుతుంది. తెలుగు చదవడం వచ్చిన పిల్లలుంటే వాళ్ళకి ఒక లాభం, విన్నది తెలుగు అక్షరాల్లో రాసుకుంటే ఇంగ్లీష్ అక్షరాల్లో కంటే దగ్గరగా వస్తుంది, మా ఇంట్లో ఇదే పద్ధతి. లర్న్‌గాలిక్ సైట్‌లో డిక్షనరీతో పాటు ఆడియో ఉంది, డుయోలింగోలో 2019 నుంచి కోర్సు ఉంది, బీబీసీ ఆలప చానెల్ 2008 నుంచి నడుస్తోంది, పిల్లల ప్రోగ్రాములు కూడా వస్తాయి, వెనకాల ఊరికే ఆన్ చేసి ఉంచినా చెవికి అలవాటవుతుంది.

మర్యాద విషయం మాత్రం ముందే నేర్పండి. గాలిక్‌లో కూడా నువ్వు, మీరు ఉన్నాయి. తోటి పిల్లల్ని "కిమర్ ఎ హా ఊ" అని, పెద్దవాళ్ళని "కిమర్ ఎ హా శివ్" అని అడగాలి, ఎలా ఉన్నారు అని. థాంక్స్ చెప్పేటప్పుడు ఫ్రెండ్‌కి తాహ్ప లెహ్త్, పెద్దవాళ్ళకి తాహ్ప లైవ్. ఇంగ్లీష్ మాత్రమే వచ్చిన పిల్లలకి ఇది కొత్త, మన పిల్లలకి చెప్పగానే ఎక్కుతుంది, కాబట్టి క్లాసులో మనవాళ్ళనే మిగతావాళ్ళకి నేర్పమనండి.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు

ఎవర్ని కలవాలి? స్కూల్ గేటు దగ్గర అమ్మమ్మలూ తాతలే మొదటి లిస్టు. తర్వాత చర్చి, లైబ్రరీ, కేర్ హోమ్, షింటీ క్లబ్. షింటీ అంటే కర్రలతో ఆడే హైలాండ్స్ ఆట, దాని సంఘం 1893లో కింగ్యూసీలో పుట్టింది. వెస్టర్న్ ఐల్స్‌లో అయితే దాదాపు ప్రతి ప్రాంతానికీ ఒక కొమన్ యహ్‌త్రీ ఉంటుంది, ఊరి చరిత్ర సంఘం, నిస్ ఊళ్ళో సంఘం 1977లోనే మొదలైంది, వాళ్ళ దగ్గర ఫోటోలు, వంశాల వివరాలు కుప్పలు కుప్పలుగా ఉంటాయి.

అనుమతి రాతలో తీసుకోవాలి. ఎవరు అడుగుతున్నారు, రికార్డింగ్ ఎక్కడ ఉంచుతారు, ఎవరు వింటారు, తర్వాత వద్దనుకుంటే తీసేస్తారా, ఇవన్నీ ఒక పేజీలో పెద్ద అక్షరాల్లో రాసి ముందు వారమే ఇవ్వండి. పిల్లల వైపు నుంచి కూడా తల్లిదండ్రుల అనుమతి కావాలి, దానికి స్కూల్‌కి ఫారాలు ఉంటాయి.

ప్రశ్నల విషయంలో పిల్లలు మొదట రాసేవి ఇలా ఉంటాయి: "పాత రోజుల్లో ఎలా ఉండేది?" దానికి "బాగుండేది" అని జవాబు, అయిపోయింది. అదే పాత మ్యాపు పెద్దదిగా ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచి, "మీరు స్కూల్‌కి ఏ దారిన నడిచేవాళ్ళు, చూపిస్తారా?" అంటే వేలు కదులుతుంది, వేలు ఒక చోట ఆగుతుంది, ఇక్కడ ఒక గేటు ఉండేది, ఆ గేటు దగ్గర మమ్మల్ని కుక్క తరిమేది, ఆ పొలాన్ని మేం ఫలానా అని పిలిచేవాళ్ళం అని వస్తుంది. ఆ ఫలానా ఏ మ్యాపులోనూ ఉండదు. దాన్ని వెంటనే ఆ చోటే పెన్సిల్‌తో రాయించండి, స్పెల్లింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వస్తువులు కూడా బాగా పనిచేస్తాయి. పీట్ ఉంది కదా, బురద నేలలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చేది, దాన్ని కోసే పారకి గాలిక్‌లో తారష్కెర్ అంటారు. లోకల్ మ్యూజియం వాళ్ళని అడిగితే అలాంటిది ఒకటి చూపిస్తారు, పెద్దాయన చేతికిస్తే ఎలా పట్టుకోవాలో, ఎవరు కోసేవాళ్ళో, ఎవరు విసిరేవాళ్ళో, మధ్యాహ్నం ఏం తినేవాళ్ళో వరసగా చెప్పేస్తారు. ఎండాకాలం పశువుల్ని కొండమీదకి తోలుకెళ్ళి ఉండే గుడిసెల్ని ఆరీ అంటారు, ఆ పేరు మ్యాపులో ఎక్కడైనా తగిలితే అది కూడా అడగాల్సిన ప్రశ్నే.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, టేబుల్ మీద మడతపెట్టిన గుడ్డ వేసి దానిమీద పెట్టాలి, లేకపోతే కప్పు పెట్టిన ప్రతిసారీ ఢామ్మని పడుతుంది, ఫ్రిజ్ ఉన్న వంటింట్లో, గోడ గడియారం టిక్కుటిక్కుమనే గదిలో కూర్చోకూడదు. మొదట ఒక పిల్ల తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో పైకి చదవాలి. ప్రశ్న అడిగాక ఊరుకోవాలి, ఇది పిల్లలకి అన్నిటికంటే కష్టం. ఆయన ఆలోచిస్తుంటే మధ్యలో ఇంకో ప్రశ్న వేసేస్తారు, కాబట్టి మనసులో పదివరకూ లెక్కపెట్టుకోమనండి.

ఒక సున్నితమైన సంగతి. 1872 విద్యా చట్టం బడిని తప్పనిసరి చేసింది గానీ గాలిక్‌కి అందులో చోటివ్వలేదు, ఆ తర్వాత తరతరాలు బడిలో గాలిక్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, ఆ సిగ్గుతో తమ పిల్లలకి భాష నేర్పనివాళ్ళూ ఉన్నారు. కాబట్టి "మీరు మీ పిల్లలకి ఎందుకు నేర్పలేదు?" అని పిల్లలు అమాయకంగా అడిగేస్తే ఎదుటి మనిషి నొచ్చుకోవచ్చు. ఆ ప్రశ్న లిస్టులోంచి తీసెయ్యండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి.

సిటీలో ఉంటే ఏం చెయ్యాలి

మనవాళ్ళు ఎక్కువమంది గ్లాస్గో, ఎడిన్‌బరా, అబర్డీన్‌లోనే కదా, మా దగ్గర ఏముంటుంది అనుకుంటారు. గ్లాస్గో సెంట్రల్ స్టేషన్ పట్టాలు ఆర్గైల్ స్ట్రీట్ మీదుగా పోయే చోట కింద ఉండే వంతెనని హైలాండర్ల గొడుగు అంటారు, పని కోసం సిటీకొచ్చిన హైలాండ్స్ వాళ్ళు వానకి తడవకుండా అక్కడ నిలబడి సొంతూరి వాళ్ళని కలుసుకునేవాళ్ళు. వలస వచ్చి ఒక చోట గుమిగూడి సొంత భాష మాట్లాడుకోవడం మన పిల్లలకి ఎవరూ వివరించక్కర్లేదు. 2006 నుంచి గ్లాస్గోలో మూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా గాలిక్‌లోనే చదివే స్కూల్ కూడా ఉంది.

ఎడిన్‌బరాలో గ్రేఫ్రయర్స్ చర్చి ఆవరణలో డంకన్ బాన్ మాకింటైర్ సమాధి ఉంది, 1724లో పుట్టి 1812లో పోయిన గాలిక్ కవి, చదవడం రాయడం రాదు, కవిత్వమంతా నోటికే, సిటీ గార్డ్‌లో పనిచేశాడు. టూరిస్టులంతా అక్కడ కుక్క బొమ్మ దగ్గర ఫోటోలు దిగుతుంటారు, మీ పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళండి. అబర్డీన్‌వైపు వాళ్ళకి ఓల్డ్ డీర్ అనే ఊరు ఉంది, అక్కడి మఠానికి చెందిన చేతిరాత పుస్తకం అంచుల్లో 12వ శతాబ్దంలో రాసిన గాలిక్ మాటలు స్కాట్లండ్ గాలిక్ రాతల్లో చాలా పాతవి, ఆ పుస్తకం ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉంది. అది అక్కడెందుకుంది, ఇక్కడ ఉండాలా వద్దా అని క్లాసులో డిబేట్ పెట్టి చూడండి.

పాత రికార్డులు

టోబర్ అన్ డూఅల్ఖిష్ సైట్‌లో 1930ల నుంచి చేసిన ఆడియో రికార్డింగులు వేలకొద్దీ ఉన్నాయి, 1951లో ఎడిన్‌బరా యూనివర్సిటీలో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ వాళ్ళు ఊరూరా తిరిగి చేసినవి, బీబీసీవి, కానా ద్వీపం కలెక్షన్‌వి. ఊరి పేరుతో వెతకొచ్చు. మీ ఏరియా గొంతు ఒక్కటి దొరికినా వినిపించండి, అర్థం కాకపోయినా పర్లేదు, కింద ఇంగ్లీష్‌లో సారాంశం ఉంటుంది.

జనాభా లెక్కల పాత షీట్లలో 1891 నుంచి భాషకి ఒక గడి ఉంది, గాలిక్ ఒక్కటే వస్తే జి అని, రెండూ వస్తే జి అండ్ ఇ అని రాసేవాళ్ళు. స్కూల్ ఉన్న వీధిదే 1891, 1901, 1911 షీట్లు పక్కపక్కన పెడితే ఒకే ఇంట్లో అవ్వకి జి, కొడుక్కి జి అండ్ ఇ, మనవడికి ఖాళీ గడి కనిపించొచ్చు. స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌లో షీట్ల బొమ్మలకి డబ్బులు కట్టాల్సి ఉంటుంది, లోకల్ లైబ్రరీ వాళ్ళని ముందు అడగండి. స్టాటిస్టికల్ అకౌంట్స్ అని 1790ల్లో ఒకసారి, 1834 నుంచి 1845 మధ్య ఇంకోసారి ప్రతి పారిష్ మినిస్టరు తన ఊరి గురించి రాసిన వివరాలున్నాయి, ఆన్‌లైన్లో చదవొచ్చు, చాలామంది ఊళ్ళో ఏ భాష మాట్లాడతారో కూడా రాశారు. స్కూల్ పాతదైతే హెడ్‌మాస్టర్ లాగ్ బుక్ కౌన్సిల్ ఆర్కైవ్‌లో ఉండొచ్చు. బంగాళదుంపలు తవ్వే సీజన్లో పిల్లలు బడికి రాలేదని రాసుకున్న లైన్లు అలాంటి పుస్తకాల్లో మామూలే, అక్టోబర్ సెలవుల్ని ఇప్పటికీ ట్యాటీ హాలిడేస్ అంటారు కదా, అది అక్కణ్ణుంచే.

బయట తిరిగేటప్పుడు

2003 చట్టం వల్ల స్కాట్లండ్‌లో పొలాల్లో కొండల్లో బాధ్యతగా నడవడానికి అందరికీ హక్కుంది, కానీ పంట ఉన్న చోట, ఇళ్ళ పెరళ్ళలో కాదు, గొర్రెలు ఈనే టైంలో దూరంగా ఉండాలి, గేటు ఎలా ఉందో అలాగే వదలాలి. శ్మశానంలో రాళ్ళ మీద నాచు గీకడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం చెయ్యనివ్వద్దు, పక్కనుంచి టార్చ్ వేస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి, ఫోటో తీసుకుంటే చాలు. పాత రాతి వస్తువు ఏదైనా దొరికితే జేబులో వేసుకోకూడదు, స్కాట్లండ్‌లో అలాంటివి రిపోర్ట్ చెయ్యాలి, ముందు ఎక్కడ దొరికిందో మ్యాపులో గుర్తు పెట్టండి.

చివరికి ఏం తయారు చెయ్యాలి

పోస్టర్ తప్ప ఏదైనా పర్లేదు అంటాను. నాకు బాగా నచ్చేది పెద్ద మ్యాపు, పిల్లలు గీసింది, అందులో ఇంటర్వ్యూల్లో దొరికిన పేర్లన్నీ ఉండాలి, దాన్ని లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో పెట్టాలి. నడుస్తూ వినే ఆడియో కూడా బాగుంటుంది. పెద్ద పిల్లలకి ఫిల్మ్‌జీ అని గాలిక్ షార్ట్ ఫిల్మ్ పోటీ ఉంది, స్కూల్ పిల్లలకి వేరే కేటగిరీలు ఉంటాయి. ఆర్కియాలజీ స్కాట్లండ్ వాళ్ళ హెరిటేజ్ హీరో అవార్డ్ ఇలాంటి ప్రాజెక్టులకి సరిగ్గా సరిపోతుంది. పాటలూ సంగీతం వైపు ఆసక్తి ఉన్నవాళ్ళకి ఫేష్‌లు, అంటే పిల్లలకి గాలిక్ పాటలూ సంగీతం నేర్పే పండుగల్లాంటివి, ఉన్నాయి, 1981లో బారా ద్వీపంలో మొదలైనవి, ఇప్పుడు దేశమంతా జరుగుతాయి. ప్రతి ఏడాది ఫిబ్రవరి ప్రాంతంలో వచ్చే షాఖ్కిన్ న గాలిక్ వారానికి ప్రదర్శన పెట్టుకుంటే జనం వస్తారు.

గాలిక్‌లో బోర్డు గానీ క్యాప్షన్ గానీ రాసేటప్పుడు మెషీన్ ట్రాన్స్‌లేషన్ని నమ్మొద్దు. పదం ముందు ఏముందో దాన్నిబట్టి మొదటి అక్షరం మారిపోయే భాష, ఒక్క హెచ్ తప్పితే ఊరంతా చూసి నవ్వుతారు. వచ్చినవాళ్ళకి చూపించి అచ్చు వెయ్యండి.

ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళని ప్రదర్శనకి ముందుగా, మిగతా జనం కంటే ఓ గంట ముందు పిలవండి. తప్పులుంటే అప్పుడే చెప్తారు, మర్చిపోయిన ఇంకో రెండు పేర్లు కూడా అప్పుడే గుర్తొస్తాయి, పెన్సిల్ పక్కనే ఉంచుకోండి.

ఫైళ్ళ సంగతి ఆఖర్న కాకుండా మొదటి రోజే చూసుకుంటే మంచిది. ప్రతి రికార్డింగ్‌కి తేదీ, చోటు, వరస నంబరుతో పేరు పెట్టాలి, ఒక కాపీ స్కూల్లో, ఇంకోటి ఊరి చరిత్ర సంఘం దగ్గరో కౌన్సిల్ ఆర్కైవ్‌లోనో, మూడోది ఎవరు మాట్లాడారో వాళ్ళ కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో. టీచర్ ఫోన్లోనే ఉండిపోతే ఆ టీచర్ స్కూల్ మారగానే అన్నీ పోతాయి. అనుమతి కాగితాలు కూడా రికార్డింగ్ పక్కనే అదే నంబరుతో ఉంచండి, వచ్చే ఏడాది ఇంకో క్లాస్ ఆ గీతకి అవతల భాగం మొదలుపెట్టినప్పుడు ఎవరిని మళ్ళీ అడగొచ్చో వాళ్ళకి తెలుస్తుంది.